నాలుగు జేబుల సఫారీ

సెలవులకి ఏం కావాలని అడిగితే పిల్ల "సఫారీ" అంది. మా ఆయన కుట్టిచ్చారు.

నవ్వొస్తే నవ్వండి గానీ ఇందులో ఆయన తప్పేం లేదు. పెళ్ళికి ముందునుంచీ దర్జీ పనిలో ఉన్న మనిషికి సఫారీ అంటే ఒకటే అర్థం. పొట్టి చేతుల కోటు, అదే గుడ్డతో ప్యాంటు, కోటుకి నాలుగు జేబులు. ప్రమోషన్ వచ్చిన ఆఫీసర్లు కుట్టించుకుంటారు, పొట్ట పెరిగాక వదులు చేయించుకోవడానికి మళ్ళీ వస్తారు. తొమ్మిదేళ్ళ ఆడపిల్లకి అదెందుకన్న అనుమానం ఆయనకీ రాకపోలేదు. "ఈ కాలం పిల్లలు, ఏ బొమ్మలో చూసిందో" అనుకుని సర్దుకున్నారు. ఎవరో ఆర్డరిచ్చి మళ్ళీ మొహం చూపించని బూడిదరంగు గుడ్డ బీరువాలో పడి ఉంటే తీశారు. పిల్లని స్టూలు మీద నిలబెట్టి, పెద్దవాళ్ళకి తీసినట్టే టేపు పెట్టి కొలతలు తీశారు. అది చేతులు చాచి బుద్ధిగా నిలబడింది. అడవికి తీసుకెళ్ళే ముందు కొలతలు తీసుకుంటారు కాబోలని అనుకుందట, తర్వాత చెప్పింది.

నేనా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. పిల్ల తల్లి పోయిన మూడేళ్ళకి ఆయన నన్ను చేసుకున్నారు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. ఆయన కత్తిరించి కుడతారు, నేను కాజాలు, గుండీలు, అంచులు చూస్తాను. గుండీల డబ్బా ముందేసుకుని రంగుల వారీగా ఏరుతూ పెరిగింది గనక పిల్లని అందరూ గుండీ అనేవారు. నేను మాత్రం "పాపా" అనేదాన్ని. "ఏమే" అని నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఏమే అనే చనువు ఎదుటివాళ్ళు ఇస్తేనే మనది.

గుండీ నన్ను "మీరు" అనేది.

కొన్ని ఇళ్ళలో తల్లిని మీరు అంటారు, నాకూ తెలుసు. కానీ ఈ పిల్ల తండ్రిని నువ్వంటుంది, ఎదురింటి ముసలమ్మని నువ్వంటుంది, గుమ్మం ముందు పడుకునే కుక్కని కూర్చోబెట్టి నువ్వు నువ్వు అంటూ గంటలకొద్దీ కబుర్లు చెబుతుంది. నన్ను మాత్రం "మీరు తిన్నారా", "ఇది మీదేనా", "అంతే కదండీ" అంటుంది. పిలవాల్సి వస్తే "ఇదిగోండి" అంటుంది. చూసినవాళ్ళంతా ఎంత మర్యాద నేర్పావమ్మా అని నన్ను మెచ్చుకునేవాళ్ళు. నేను నేర్పలేదు, నేర్పి ఉంటే నేనే మాన్పించేదాన్ని. నేను నోరున్న మనిషిని. పుట్టింటి వీధిలో కుళాయి దగ్గర నాతో పెట్టుకుని నెగ్గినవాళ్ళు లేరు. అలాంటిదాన్ని, ఆ పిల్ల నన్ను "మీరు" అన్నప్పుడల్లా గుమ్మం బయట నిలబడ్డ చుట్టంలా అయిపోయేదాన్ని. ఒక్కసారి నన్ను నువ్వని తిట్టినా చాలనుకునేదాన్ని. ఇంకేం కావాలని ఎవరైనా అడిగితే ఆ రోజుల్లో ఇదే చెప్పేదాన్ని, కానీ దర్జీ పెళ్ళాన్ని పిలిచి నీకేం కావాలని ఎవరు అడుగుతారు?

సఫారీ ప్యాంటు కాస్త పొడుగైంది. పిల్లకి తొడిగి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కింద కూర్చుని అంచు మడుస్తున్నాను. ఆయన గుడ్డ తేవడానికి బజారుకి వెళ్ళారు.

"ఇదిగోండి" అంది గుండీ.

"ఊఁ" అన్నాను, సూదులు నోట్లో ఉన్నాయి మరి.

"ఇది వేసుకుంటే అడవిలోకి రానిస్తారా?"

సూదులు తీసేశాను. "ఏ అడవి?"

"ఏదైనా. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళు వెళ్ళారు. జీపులో కూర్చోబెట్టి తిప్పుతారు. జింకలు, ఏనుగులు, చిరుతలు ఉంటాయి. బోనులో కాదు, ఊరికే తిరుగుతూ ఉంటాయి. దాన్ని సఫారీ అంటారు."

నాకు విషయం అర్థమై, నవ్వొచ్చి, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి నాన్నకి చెప్పలేదేం పాపా?"

"అప్పటికే కత్తిరించేశాడు." కోటు జేబు మూత ఒకటి ఎత్తి, మళ్ళీ జాగ్రత్తగా మూసింది. "మీరూ చెప్పకండి. నాలుగు జేబులు పెట్టాడు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్ల అడిగింది. అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి. వచ్చిన దాన్నే ఒళ్ళంతా చెమట పట్టినా వేసుకుని నిలబడింది, వాళ్ళ నాన్న మనసు నొచ్చుకుంటుందని. అంచు కుట్టడం పూర్తయ్యేసరికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను. ఆ పిల్ల నాకు మొదటిసారి ఒక రహస్యం చెప్పింది. దాన్ని ఊరికే చెంగున ముడేసుకుని కూర్చోవడం నావల్ల కాలేదు.

"ఏమండీ, నాకో కోరిక" అన్నాను ఆ సాయంత్రం.

"చెప్పు" అన్నారు ఆయన, దారం పంటితో తెంపుతూ.

"నాకు చిరుతపులిని చూడాలనుంది."

"జూకి వెళ్దాంలే."

"జూలోది కాదండీ. అడవిలోది. జీపులో తీసుకెళ్ళి చూపిస్తారట."

ఆయన మిషను ఆపేశారు. "ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. చిన్నప్పటినుంచీ ఉంది ఆ కోరిక. ఎప్పుడూ చెప్పలేదంతే."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? చిన్నపిల్ల, గుండీ కూడా అడగలేదు అలాంటిది."

గుండీ మూల కూర్చుని గుండీలు ఏరుతోంది. తల ఎత్తలేదు గానీ చేతులు ఆగిపోయాయి.

"పిల్ల అడగలేదు కాబట్టే నేనడుగుతున్నాను" అన్నాను. "పెళ్ళయ్యాక ఎక్కడికైనా తీసుకెళ్ళారా నన్ను? దారాల కొట్టుకి తప్ప."

ఆయన ఖర్చు మాట ఎత్తారు. ఖర్చు సంగతి నేను చూసుకుంటానన్నాను. బడులు తెరిచే ముందు యూనిఫాంలు వచ్చిపడతాయి, అప్పుడు తల గోక్కోవడానికి తీరికుండదన్నారు. ఈలోపే వెళ్ళొద్దామన్నాను. మొండిదానివి అన్నారు. కొత్తగా తెలిసిందా అన్నాను. అలా ఒప్పుకున్నారు.

ఆ రోజునుంచీ మా ఇంట్లో "సఫారీ" అన్న మాట నేను పలకలేదు. అడవి ప్రయాణం అనేదాన్ని. సఫారీ అని నోరుజారితే ఆయనకి సంగతి తెలిసిపోతుంది, నాలుగు జేబులూ నీరుగారిపోతాయి. గుండీ కూడా అడవి ప్రయాణమనే అనేది. అలా అన్నప్పుడల్లా నా వైపు ఒకసారి చూసేది.

ప్యాంటుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చిన రైల్వే ఉద్యోగి ఒకాయన జీపులవాళ్ళ ఫోన్ నెంబరిచ్చాడు. ఫోన్ చేశాను. జీపుల యజమాని ఎత్తాడు. రేటు చెప్పాడు. నేను వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాను.

"అమ్మా, ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నాను. ఏనుగులు కూడా కలిపేనా ఆ రేటు?"

"అన్నీ కలిపేనండి."

"మాకు ఏనుగులు అక్కర్లేదు. ఒక్క చిరుత చాలు. తగ్గుతుందా?"

"ఇది కూరగాయల బేరం కాదమ్మా" అన్నాడు. నవ్వు వినపడింది. మనిషి మంచివాడేననిపించింది. "వానలు మొదలయ్యాక రండి. సగం రేటే."

"వానల్లో సగం ఎందుకు?"

"జంతువులు కనపడవు గనక."

ఇంత నిజం చెప్పే వ్యాపారిని నేనెప్పుడూ చూడలేదు. సగం కూడా మాకు ఎక్కువే. ఉన్నదాంట్లో ఎలా సర్దాలా అని నేను ఆలోచిస్తుంటే, అవతల యజమాని ఎవరి మీదో కేకలేశాడు. చొక్కా లోపల పెట్టుకోరా, దుప్పటి కప్పుకున్నట్టుంది అని.

"ఏమైంది?" అన్నాను. పరాయి గొడవల్లో తల దూర్చడం నాకు ఉగ్గుపాలతో వచ్చింది.

"డ్రైవర్లకి కొత్త యూనిఫాం చొక్కాలు తెప్పించానమ్మా. అన్నీ ఒకే సైజు వచ్చాయి. ఒక్కడికీ నప్పలేదు. ఇక్కడ చూస్తే దర్జీ లేడు."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. "మా ఆయన దర్జీ" అన్నాను.

బేరం కుదిరింది. మేం వెళ్ళిన రోజు చొక్కాలన్నీ సరిచేయాలి. మర్నాడు పొద్దున మాకు జీపులో మూడు సీట్లు, ఆ రెండు రోజులూ ఉండటానికి గది. ఈ మాట చెప్పగానే ఆయన "సెలవుల్లో కూడా కుట్టుడేనా" అన్నారు గానీ, ఆ సాయంత్రమే చేతిమిషనుకి నూనె పెట్టుకున్నారు.

వానల కోసం ఎదురుచూస్తూ ఆ మిగిలిన రోజులు గడిచాయి. నేను చిరుతపులి పిచ్చి పట్టినదానిలా నటించాలి కదా, కాజాలు కుడుతూ గుండీని అడుగుతూ ఉండేదాన్ని. చిరుత ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దానికి పులంటే భయమా. గుండీ బడి పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చుని చెప్పేది. నాకు చిరుత గురించి ఏమీ తెలియదని గుండీకి త్వరగానే అర్థమైంది, టీచరమ్మ అయిపోయింది.

"మొత్తం చిరుత కోసం వెతక్కూడదండీ. ముందు తోక కోసం వెతకాలి. అది కొమ్మ మీద పడుకుంటే తోక కిందకి వేలాడుతుంది."

"తోక కనపడితే?"

"తోక కనపడితే చిరుత ఉన్నట్టే. ఆకుల్లోంచి ఎండ పడితే అచ్చం మచ్చల్లాగే ఉంటుంది, మీరు మోసపోకండి."

"నువ్వుంటావుగా, మోసపోను" అన్నాను.

అయిపోయిన దారపు కోన్లు రెండేసి అతికించి, మెడలో వేసుకోవడానికి రిబ్బను కట్టి, దుర్భిణీలు చేసింది. ఒకటి తనకి. రెండోది తెచ్చి నా కాజాల పక్కన పెట్టి, "మీకు" అంది. వాళ్ళ నాన్నకి చేయలేదు. ఆ గొట్టాల్లోంచి చూస్తే దూరంగా ఉన్నది ఉన్నంతే కనపడుతుంది, పక్కనున్నది కనపడదు. అయినా నాకది ఎంత అపురూపంగా ఉందో చెప్పలేను. ఆయన చూడకుండా వంటగదిలోకి తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ పెట్టుకు చూశాను.

మొదటి వాన పడ్డ వారంలో బయల్దేరాం. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, నీళ్ళ సీసాలు, గోనెసంచిలో మిషను. గుండీ సఫారీ వేసుకుంది. నాలుగు జేబుల్లోనూ ఏవేవో కుక్కుకుంది. బస్సులో మిషను ఆయన ఒళ్ళో పెట్టుకున్నారు. కండక్టరు వచ్చి సంచిని తట్టి చూశాడు.

"దీనికి టిక్కెట్టు తీసుకోవాలి."

"ఎందుకు?" అన్నాను.

"బరువుంది కదమ్మా."

"ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన ఇంతకు మూడింతలున్నాడు. ఆయనకి మూడు టిక్కెట్లు కొట్టావా? ఇది ఒళ్ళో కూర్చుంది, సీటు అడగలేదు, కిటికీ అడగలేదు, వాంతి చేసుకోదు. నీకేం కష్టం?"

బస్సంతా నవ్వింది. ముందు సీటు పెద్దాయన కూడా నవ్వాడు. కండక్టరు టిక్కెట్టు మాట వదిలేసి ముందుకెళ్ళిపోయాడు. మా ఆయన ఎప్పటిలాగే కిటికీలోంచి బయటికి చూస్తూ నాకూ ఈవిడకీ సంబంధం లేదన్నట్టు కూర్చున్నారు. గుండీ మాత్రం నా మొహం కేసి నోరు తెరుచుకుని చూసింది.

"మీకు భయం వెయ్యదా?" అంది.

"దేనికి?"

"అలా అనడానికి."

"నోరుంటే ఊరేలొచ్చు పాపా. నీకూ నేర్పిస్తాలే."

అడవి అంచున రేకుల కప్పు కింద డ్రైవర్లందరూ చొక్కాలు విప్పి బనీన్లతో వరసగా నిలబడి మా కోసం ఎదురుచూస్తున్నారు. సంగతేమిటంటే, చొక్కాలు ఆర్డరిచ్చేటప్పుడు అవతలివాళ్ళు సైజు అడిగితే యజమాని తన సైజు చెప్పాడట. ఆయన నిలువెంతో అడ్డమంత. ఆయన ఒక్కడికే చొక్కా అతికినట్టు సరిపోయింది. మా ఆయన ఒక్కొక్కరినీ తిప్పి చూసి సుద్దతో గీతలు పెడుతుంటే, నేనూ గుండీ కింద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పాం. బయట వాన. రేకుల మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడక సైగలతో పని నడిచింది. నేను కుట్టు విప్పి గుడ్డ లాగితే గుండీ తెగిన దారాలు ఏరేది. మధ్యలో ఒకసారి నా జుట్టులో ఇరుక్కున్న దారప్పోగు తీసి ఊదేసింది. వాన ఇంకాసేపు కురిస్తే బాగుండుననుకున్నాను.

పొద్దున్నే వాన తెరిపిచ్చింది. జీపు ఎక్కే చోటికి నడిచి వెళ్ళాం. అక్కడ పెద్ద బోర్డుంది. ఇన్ని రోజులుగా నేను నోట్లో దాచుకున్న మాట మనిషంత అక్షరాలతో దాని మీద రాసి ఉంది. సఫారీ.

మా ఆయన ఆగి చదివారు. చదవడం అయిపోయాక కూడా అక్కడే నిలబడ్డారు. తర్వాత, ముందు నడుస్తున్న గుండీ వైపు, దాని బూడిదరంగు కోటు వైపు చూశారు. గబగబా నడిచి పిల్లని అందుకుని, లోపలికి మడతపడిపోయిన కాలరు పైకి తీసి, ప్రమోషన్ వచ్చిన ఆఫీసర్లకి సరిచేసినట్టు రెండు భుజాలూ దులిపి సరిచేశారు. "ఊఁ, పద" అన్నారు.

మా ఆయన సరిచేసిన చొక్కా తొడుక్కున్న డ్రైవరు ఆయన్ని గౌరవంగా ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనూ గుండీ వెనక. మా పక్కన మెడలో నిజం కెమెరా ఉన్న ఒక పెద్దమనిషి. జీపు కదిలింది. గుండీ దారపు దుర్భిణీ కళ్ళకి పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. కెమెరా పెద్దమనిషి మమ్మల్ని చూసి మర్యాదగా మొహం తిప్పుకున్నాడు.

జింకలు కనపడ్డాయి, అవీ వెనకనుంచి. అడవిపంది ఒకటి రోడ్డు దాటింది. కోతులు దాటలేదు, రోడ్డు మీదే కూర్చుని మమ్మల్నే చూశాయి. అంతే. జీపు తిరుగుతూనే ఉంది, ఏ మలుపు తిరిగినా తడిసిన ఆకులే. నీటిగుంట దగ్గర చాలాసేపు ఆపాడు. గుంట చుట్టూ కొంగ కూడా లేదు.

"వాన పడితే అడవంతా నీళ్ళేనమ్మా" అన్నాడు డ్రైవరు, తన తప్పయినట్టు. "ఎక్కడివక్కడే తాగుతాయి. ఇక్కడిదాకా ఎందుకొస్తాయి?"

జీపు వెనక్కి తిరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సగం రేటని సంబరపడ్డాను, చొక్కాలతో బేరమాడానని జబ్బలు చరుచుకున్నాను. పిల్లని ఇంత దూరం తీసుకొచ్చి కోతుల్ని చూపించాను. మొహం దాచుకుందామని దుర్భిణీ ఎత్తుకున్నాను గానీ, ఆ దారపు గొట్టాలు ఎంత మొహాన్ని దాస్తాయి?

అప్పుడు గుండీ నా మణికట్టు పట్టుకుంది.

"అదిగో" అంది, గుసగుసగా.

"ఎక్కడ?"

"ఆ వంగిన చెట్టు. రెండో కొమ్మ. తోక. చూశావా?"

చెట్టు కనపడింది. రెండో కొమ్మా కనపడింది. కొమ్మ మీద వాన నీళ్ళు తప్ప ఇంకేం లేవు. నేను పిల్ల వైపు తిరిగాను. పిల్ల చెట్టు వైపు చూడటం లేదు, నా మొహంలోకి చూస్తోంది. వారాల తరబడి నేను చిరుత చిరుత అని ఊదరగొట్టిందంతా అది నిజమని నమ్మింది. చిన్నప్పటి కోరికట, పాపం, తీరకుండానే తిరిగి వెళ్ళిపోతోందని దానికి నా మీద జాలేసింది.

"చూశాను" అన్నాను.

"చుక్కలు?"

"చుక్కలు కూడా."

అది ఊపిరి వదిలింది. చెయ్యి మాత్రం తీయలేదు. కెమెరా పెద్దమనిషి ఎక్కడ ఎక్కడ అంటూ సగం లేచాడు. "వెళ్ళిపోయిందండీ" అంది గుండీ. ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగారు.

"నాకేం కనపడలేదే?"

"నువ్వు ముందుకి చూస్తున్నావు నాన్నా" అంది.

డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని ఒకసారి చూసి, గేరు మార్చాడు.

తిరుగు ప్రయాణంలో గుండీకి కిటికీ పక్కన వేరే సీటు దొరికింది. ఆయన మిషను సంచి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"సఫారీ అంటే ఇదన్నమాట" అన్నారు చివరికి. "నువ్వయినా చెప్పొచ్చుగా?"

"చెప్పొద్దంది."

"ఏం?"

"నాలుగు జేబులు పెట్టారట."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. బస్సులో దుమ్ము లేదు, బయట వాన పడుతోంది.

నా దిగులు నాకుంది. "చూశావా" అన్న ఆ ఒక్క మాట తర్వాత గుండీ నన్ను మీరూ అనలేదు, నువ్వూ అనలేదు. ఇల్లు చేరాక కూడా అంతే. అన్నం తినే ముందు, "నాన్నా, తిందామా?" అనేది, నా వైపు కూడా చూస్తూ. కావాల్సినవి చేత్తో చూపించేది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య పిల్ల ఎక్కడో నిలబడిపోయింది. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టకుండా ఉండటం నాకు చాతకాని విద్య, ఎలా ఉన్నానో నాకే తెలియదు. ఒకవేళ ఆ రోజు కంగారులో నోరుజారిందేమో, మళ్ళీ "మీరు"కే వెళ్ళిపోతుందేమోనని, అది నోరు తెరిచినప్పుడల్లా భయంగా ఉండేది.

ఇంతలో యూనిఫాంలు వచ్చిపడ్డాయి. దుకాణమంతా నీలం గుడ్డ. ఆయన తల ఎత్తకుండా కుడుతున్నారు, నేను కాజాల్లో మునిగిపోయాను, గుండీ తెల్ల గుండీలు లెక్కపెట్టి పొట్లాలు కడుతోంది. గుండీ చదివే బడిలో ఆటలు నేర్పే మాస్టారు తన ప్యాంట్ల కోసం వచ్చారు.

"సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళావా?" అని గుండీని అడిగారు.

"సఫారీకి వెళ్ళాం సార్. చిరుతని చూశాం."

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "వానలు పడ్డాకా? నేను మూడుసార్లు వెళ్ళానమ్మా, మంచి ఎండల్లో. ఒక్కసారీ కనపడలేదు. ఏమయ్యా, నిజంగానే చూశారా మీరు?"

మిషను ఆగింది. నాకు వేలికి సూది గుచ్చుకుంది. మా ఆయన ముందు సీట్లో, అందరికన్నా బాగా కనపడే చోట కూర్చున్నారు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు, బిల్లు మీద రూపాయి ఎక్కువ పడితే పరిగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చే రకం.

"నాకు అదృష్టం లేదండీ" అన్నారు. "సరిగ్గా అప్పుడే చెప్పు తెగింది. వంగి చూసుకుంటున్నాను. వీళ్ళిద్దరూ చూశారు."

మాస్టారికి ఇంకా నమ్మకం కుదరలేదు. గుండీ వైపు తిరిగి, "ఏ కొమ్మనో చూసి చిరుతనుకున్నావేమో?" అన్నారు.

గుండీ మొహం ఎర్రబడింది. చేతిలో పొట్లం కింద పెట్టింది.

"కొమ్మ కాదు సార్. తోక కనపడింది. చెవులు కూడా కనపడ్డాయి." నా వైపు తిరిగింది. "కదమ్మా?"

దుకాణంలో రోజంతా నన్ను అమ్మా అంటూనే ఉంటారు. చొక్కా అయిందామ్మా, రేపిస్తారామ్మా అని ముసలివాళ్ళు కూడా అంటారు. ఆ మాట నా చెవులకి కొత్త కాదు. కానీ పిల్ల అడిగి ఊరుకోలేదు, సాక్ష్యం చెప్పమన్నట్టు నా మోకాలు మీద చెయ్యి వేసి నిలబడింది. కుళాయి దగ్గర ఎవరికీ తగ్గని నోరు, ఒక్క మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"అవునే" అన్నాను. "ఎడమ చెవి కాస్త చిరిగి ఉంది కూడా."

గుండీ కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఆఁ, చిరిగింది సార్" అంది.

"పాపం, అడవిలో కుట్టేవాళ్ళుండరు కదండీ" అన్నారు మా ఆయన, తల ఎత్తకుండానే, మిషను మళ్ళీ తిప్పుతూ.